ఓడ ప్రయాణానికి కత్తెర, బ్లేడు, సూది సర్దుకోవడం ఎలా

కడపలో రైలెక్కి చెన్నై పోయి ఓడ ఎక్కేవాళ్లు, బెంగళూరు నుంచి విమానంలో ముంబయికో సింగపూరుకో చేరి ఓడ ఎక్కే అనంతపురం వాళ్లు, కర్నూలు నుంచి విశాఖ రేవుకు బయలుదేరేవాళ్లు, అందరూ పెట్టె సర్దేటప్పుడు చేసే పొరపాటు ఒకటే. విమానం లెక్కతో సర్దుతారు. "చాకు గదా, చేతిసంచిలో వద్దు, పెద్ద పెట్టెలో వేద్దాం" అనుకుంటారు. విమానానికి ఆ లెక్క సరిపోతుంది. పెద్ద పెట్టె విమానం అడుగుభాగంలోకి పోతుంది, దిగేదాకా మీ చేతికి అందదు. ఓడలో అలా కాదు. టెర్మినల్ దగ్గర మీరు అప్పజెప్పిన పెద్ద పెట్టె సాయంత్రానికల్లా మీ గది తలుపు ముందుకొచ్చి నిలబడుతుంది. ఆ తర్వాత ప్రయాణమంతా అది మీ మంచం పక్కనే. అందుకే ఓడ భద్రతా సిబ్బంది వస్తువు ఏ పెట్టెలో ఉందని చూడరు. ఓడలోకి రాకూడనిది చేతిసంచిలో ఉన్నా, పెద్ద పెట్టె అడుగున ఉన్నా రాకూడనిదే.

ఇంత పట్టుదల ఎందుకంటే, ఓడలకూ రేవులకూ భద్రత ఎలా ఉండాలో చెప్పే ఐఎస్‌పీఎస్ కోడ్ అనే అంతర్జాతీయ నియమావళి ఉంది. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత 2002 డిసెంబరులో దాన్ని ఆమోదించారు, 2004 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ప్రతి ఓడకూ ఒక భద్రతాధికారి ఉండాలి, ఓడలోకి వచ్చే మనుషుల మీద, సామాను మీద అదుపు ఉండాలి. అయితే కత్తెర ఎన్ని అంగుళాలు ఉండొచ్చు, చాకు వద్దా ముద్దా అనే చిల్లర వివరాలు ఆ కోడ్‌లో ఉండవు. అవి ఏ ఓడ కంపెనీకి ఆ కంపెనీ రాసుకుంటుంది. కాబట్టి అందరికీ ఒకే జాబితా అంటూ లేదు. మన పని అక్కడి నుంచే మొదలవుతుంది.

మొదట మీ ఓడ జాబితా తెచ్చుకోండి

టికెట్ బుక్ చేసిన ఏజెంటు నోటిమాట చాలదు. ప్రతి కంపెనీ తన వెబ్‌సైటులో నిషేధిత వస్తువుల జాబితా పెడుతుంది. ప్రయాణానికి పది రోజుల ముందు ఒకసారి, రెండు రోజుల ముందు ఇంకోసారి తెరిచి చూడండి, మధ్యలో మార్చి ఉండొచ్చు. అందులో నైఫ్, సిజర్స్, రేజర్, బ్లేడ్, టూల్స్, నీడిల్ అనే ఆరు మాటలు ఎక్కడెక్కడ వచ్చాయో వెతకండి. మాట పక్కన అంకె ఉంటే అది అంగుళాలా, సెంటీమీటర్లా చూసి రాసుకోండి.

పెద్ద కంపెనీల జాబితాల్లో తరచూ కనిపించే హద్దు 4 అంగుళాలు, అంటే పది సెంటీమీటర్ల మీద ఒక పిసరు. ఆ 4 అంగుళాలు దేనికి చెప్పారన్నదే అసలు సంగతి. కొన్ని కంపెనీలు కత్తెరకు మాత్రమే ఆ వెసులుబాటు ఇచ్చి, చాకు ఎంత చిన్నదైనా వద్దంటాయి. కొన్ని చిన్న మడతచాకును కూడా ఆ హద్దులోపల ఒప్పుకుంటాయి. పోయినేడు వేరే ఓడలో ఒప్పుకున్నారు కాబట్టి ఈ ఓడలోనూ ఒప్పుకుంటారనుకోవద్దు.

ఏదైనా వస్తువు జాబితాలో పేరుతో లేకపోతే కంపెనీకి ఈమెయిల్ రాసి అడగండి. ఫోటో జతచేసి, పక్కన స్కేలు పెట్టి తీయండి. వచ్చిన జవాబు ఫోన్‌లో దాచుకోండి, గేటు దగ్గర చూపిస్తే ఉపయోగపడుతుంది. అయినా ఆఖరు మాట అక్కడున్న భద్రతాధికారిదే. ఆయన వద్దంటే ఈమెయిల్ చూపించి వాదించినా వస్తువు లోపలికి రాదు. పోతే బాధ కలిగించే వస్తువును, నాయన వాడిన మడతచాకు లాంటిదాన్ని, అనుమానంతో అసలు తీసుకుపోవద్దు.

రెండో పని: సంచులన్నీ బోర్లించండి

తెలిసి పెట్టుకున్న కత్తుల కంటే మరిచిపోయినవే మనవాళ్లను ఎక్కువ ఇబ్బంది పెడతాయి. కొత్త పెట్టె కొన్నా సరే, దాంతోపాటు తీసుకుపోయే పాత సంచి ఒకటి ఉంటుంది. అది నిరుడు చీనీ తోటకు పోయినప్పుడు వాడినదే అయితే పక్క జిప్పులో కాయలు కోసుకునే చిన్న చాకు ఉంటుంది. బనగానపల్లె మామిడి కాలంలో ఊరెళ్లి వచ్చిన సంచిలోనూ అంతే. ప్రతి జిప్పూ తీసి, సంచిని తలకిందులు చేసి విదిలించండి. లోపలి గుడ్డ చిరిగి ఉంటే ఆ సందులో వేలు పెట్టి తడమండి. గుండుసూదులు, సగం బ్లేడు ముక్కలు అక్కడే ఇరుక్కుంటాయి.

పిల్లల సంచి విడిగా చూడాలి. బడిసంచినే ప్రయాణానికి వాడుతుంటారు కాబట్టి అందులో జామెట్రీ బాక్సు ఉంటుంది. అందులోని కంపాసుకూ డివైడరుకూ సూదిమొన ఉంటుంది. ఎక్స్‌రేలో ఆ మొనలు కనపడితే బాక్సు తెరవమంటారు. సెలవుల్లో పిల్లలకు దాంతో పని లేదు, తీసేయండి. తిరునాళ్లలో కొన్న ప్లాస్టిక్ కత్తి, దీపావళి రీలు తుపాకీ కూడా తీసేయండి. ఆయుధంలా కనిపించే బొమ్మలు ఓడల నిషేధ జాబితాల్లో మామూలుగా ఉంటాయి.

తాళాల గుత్తికి వేలాడే చిన్న మల్టీటూలు, కారు తాళంతో ఉన్న మడతచాకు, ఆడవాళ్ల హ్యాండ్‌బ్యాగులో ఆత్మరక్షణకు పెట్టుకున్న మిరియాల స్ప్రే. ఈ మూడూ రోజూ చేతిలో ఉండేవి కాబట్టి కంటికి ఆనవు. తాళాల గుత్తి మొత్తాన్ని ఇంట్లో ఇచ్చేసి, ఒక్క ఇంటి తాళంచెవి మాత్రం తీసుకుపోండి.

పసిబిడ్డ ఉన్న ఇళ్లలో ఇంకోటి. దిష్టికనీ గాలి సోకకుండాననీ బిడ్డ పరుపు కింద పెద్దవాళ్లు చిన్న చాకు పెడతారు. బిడ్డ బట్టల సంచి సర్దేటప్పుడు ఎవరికీ చెప్పకుండా అందులో వేసేది కూడా వాళ్లే. ముందే అడిగి తెలుసుకోండి. ఇనుము దగ్గరుండాలన్నదే వాళ్ల పట్టింపు అయితే, పాత ఇనుప తాళంచెవి ఒకటి బిడ్డ సంచిలో వేయండి. పెద్దవాళ్ల మనసూ కుదుటపడుతుంది, గేటు దగ్గర ఎవరూ ఆపరు.

మూడో పని: దుప్పటి మీద మూడు కుప్పలు

కోసేవి, గుచ్చేవి, గీరేవి అన్నీ ఒక దుప్పటి మీద పరవండి. మొదటి కుప్ప ఇంట్లో ఉండిపోయేవి. రెండోది పెద్ద పెట్టెలోకి పోయేవి. మూడోది చేతిసంచిలోకి. మధ్యలో విమానం ఉంటే ప్రతి వస్తువూ రెండు గేట్లు దాటాలి, విమానాశ్రయంలో ఒకటి, రేవులో ఒకటి. రెండింట్లో ఏది గట్టి నియమమైతే దాన్నే పట్టుకోండి. రైల్లో పోయేవాళ్లకు రేవు గేటు ఒక్కటే అడ్డం. కానీ రైల్లో పండ్లు కోసుకోవడానికని సంచిలో వేసుకున్న చాకు నేరుగా రేవు దాకా వచ్చేస్తుంది. అనంతపురం నుంచి విశాఖకు ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో పోయేవాళ్లయినా, కడప నుంచి చెన్నై పోయేవాళ్లయినా చీనీ కాయలు ఇంట్లోనే ఒలిచి, తొనలు డబ్బాలో వేసుకోండి. చాకుతో పనే ఉండదు.

ఇంట్లో ఉండిపోయేవి ఇవి: వంటింటి చాకులన్నీ, మొనదేలిన పెద్ద కత్తెర, మంగలి కత్తి లాంటి తెరిచిన అంచు రేజరు, కట్టర్ బ్లేడు, స్క్రూడ్రైవర్లు, కొబ్బరి కోరు, అడకత్తెర. కత్తిపీట గురించి చెప్పక్కర్లేదు.

అడకత్తెర గురించి మాత్రం చెప్పాలి. అవ్వలు, జేజులు ఆకువక్క సంచి లేకుండా కదలరు, అందులో అడకత్తెర తప్పకుండా ఉంటుంది. ఏ కంపెనీ జాబితాలోనూ దాని పేరు కనపడదు. పేరు లేదు కాబట్టి ఒప్పుకుంటారని అనుకుంటాం. జరిగేది వేరు. ఎక్స్‌రే తెర మీద అది రెండు బరువైన ఇనుప చేతులు, మధ్యలో వంపు తిరిగిన అంచుతో పనిముట్టులా కనిపిస్తుంది. అదేమిటో తెలియని అధికారి దాన్ని ఇతర పదునైన వస్తువుల కింద జమ కడతాడు. అది ఇంట్లో తరతరాలుగా వస్తున్న వస్తువు అయ్యుండొచ్చు, గేటు దగ్గర వదిలేసే రకం కాదు. కాబట్టి వక్కలు ఇంట్లోనే కత్తిరించుకోండి. రోజుకు ఎన్ని పలుకులు నములుతారో లెక్కగట్టి, దానికి రెండు రోజులవి కలిపి, గట్టిమూత డబ్బాలో పోసుకోండి. అంగట్లో దొరికే కత్తిరించిన వక్కపలుకులైనా సరే. తమలపాకులు తడిగుడ్డలో చుట్టి తీసుకుపోతే ఓడలో ఉన్నంతసేపూ ఇబ్బంది ఉండదు, కానీ పరాయి దేశపు రేవులో దిగేటప్పుడు ఆకులు, పండ్లు ఓడలోనే వదిలి దిగాలి. పచ్చి ఆకులూ కాయలూ లోపలికి రానివ్వని దేశాలు చాలా ఉన్నాయి.

కత్తెరను కొలవడం

కత్తెర ఎంత పొడవో అంగట్లో అట్టమీద రాసి ఉంటుంది. అది పిడితో కలిపిన పొడవు. భద్రతావాళ్లు చూసేది అది కాదు. రెండు అలుగులను కలిపే మర ఉంటుంది గదా, ఆ మర నుంచి మొన దాకా ఉన్నదే అలుగు పొడవు. స్కేలు సున్నాను మర మధ్యలో పెట్టి, కత్తెర మూసి, మొన దాకా చూడండి. ఇంట్లో బట్టలు కత్తిరించే కత్తెరకు ఈ కొలత సాధారణంగా 4 అంగుళాలు దాటుతుంది. బడిపిల్లలు వాడే గుండ్రటి మొన కత్తెరకు రెండు, రెండున్నర అంగుళాలకు మించదు. మందుల పట్టీలు, పచ్చడి ప్యాకెట్లు, దారాలు కత్తిరించడానికి అది ధారాళంగా చాలు. మొన గుండ్రంగా ఉన్నది ఎంచుకోండి, పొడవుతో పాటు మొన కూడా చూస్తారు.

హద్దు 4 అంగుళాలని ఉంటే మూడున్నర దాటని కత్తెర తీసుకోండి. సరిగ్గా 4 ఉన్నది తీసుకుపోతే గేటు దగ్గర కొలత మీద మాటామాటా పెరుగుతుంది, వెనక వరస ఆగిపోతుంది.

గడ్డం గీసుకునేవి

వాడి పారేసే రేజరు, కార్ట్రిడ్జి రేజరు ఓడలో ఇబ్బంది పెట్టవు, విమానంలో చేతిసంచిలోనూ ఒప్పుకుంటారు. పాతకాలపు రెండంచుల రేజరు వాడేవాళ్లు బ్లేడు తీసి విడిగా పెట్టాలి. విడి బ్లేడ్లు విమానం చేతిసంచిలో కుదరవు, పెద్ద పెట్టెలోనే. రేజరుకు బిగించిన బ్లేడును అలాగే వదిలేస్తే ఎక్స్‌రేలో కనపడుతుంది, రేజరు తీసి విప్పి చూస్తారు. ఐదు రోజుల ప్రయాణానికి రెండు బ్లేడ్లు చాలు. పది బ్లేడ్ల ప్యాకెట్టు వేసుకోవద్దు. వాడిన బ్లేడును గది చెత్తబుట్టలో వదలొద్దు. దాని కాగితంలోనే చుట్టి, ఖాళీ అగ్గిపెట్టె డొక్కులో పెట్టి, గది శుభ్రం చేసే మనిషికి చెప్పి ఇవ్వండి. బుట్టలోని కవరును వాళ్లు చేత్తో నొక్కి మూట కడతారు. అగ్గిపెట్టె అంటే అట్టడొక్కు మాత్రమే సుమా, పుల్లలు తీసేయండి. విమానంలో అగ్గిపుల్లలు, లైటర్లు ఏ సంచిలోనూ పనికిరావు. ఓడలో కర్పూరం, అగరొత్తులు, కొవ్వొత్తుల్లాంటి మంట పెట్టేవి ఏవీ కుదరవు.

ట్రిమ్మరుతో ఏ గొడవా లేదు. గోళ్లు తీసేది మామూలుది పెట్టుకోండి. కొన్నింటికి మడతలో చిన్న చాకు, సీసా మూత తీసేది కూడా ఉంటాయి, అలాంటిది వద్దు.

సూదులు, పిన్నీసులు

చీర పిన్నీసులు, జడపిన్నులు ఎన్నయినా తీసుకుపోండి, ఎవరూ అడగరు. అయితే డబ్బాలో విడిగా పోస్తే చేతికి గుచ్చుకుంటాయి. రెండు వేళ్ల వెడల్పు గుడ్డపీలికకు వరసగా గుచ్చి చుట్టండి. పీలికకు ఇరవై పట్టేట్టు చూసుకుంటే తిరుగు ప్రయాణంలో ఎన్ని మిగిలాయో చూడగానే తెలుస్తుంది. కుట్టుసూదులు రెండు, తెల్లదారం, నల్లదారం, నాలుగు గుండీలు చాలు. సూదులను దారం ఉండలో గుచ్చి వదిలేయకుండా చిన్న అట్టముక్కకు గుచ్చి టేపు వేయండి. అల్లికసూదులు, క్రోషే హుక్కు విమానం ఎక్కేవాళ్లు పెద్ద పెట్టెలో వేసుకుంటే నిశ్చింత.

ఇన్సులిన్ వాడేవాళ్లు

ఈ ఒక్క విషయంలో లెక్క తలకిందులవుతుంది. మిగతా పదునైనవన్నీ పెద్ద పెట్టెలోకి పోతే, ఇన్సులిన్, దాని సూదులు, వేలికి గుచ్చే లాన్సెట్లు, షుగరు చూసే మిషను తప్పకుండా చేతిసంచిలోనే ఉండాలి. కారణాలు మూడు. విమానం అడుగుభాగంలో చలికి ఇన్సులిన్ గడ్డకట్టొచ్చు, గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. రెండు, ఓడలో పెద్ద పెట్టె గదికి చేరేసరికి సాయంత్రం అవుతుంది, ఈలోపు మధ్యాహ్నం డోసు పడాలి. మూడు, ఆ పెట్టెలో ఇంకేదో దొరికి ఆపేస్తే అది రాత్రి దాకా మీ చేతికి రాకపోవచ్చు.

సూదుల లెక్క ఇలా వేయండి. రోజుకు రెండు డోసులు, ఓడలో 5 రాత్రులు, అటూ ఇటూ దారిలో రెండేసి రోజులు కలిపితే మొత్తం 9 రోజులు, 18 సూదులు. సూది వంగినా, కింద పడినా పారేయాలి కాబట్టి సగం అదనంగా కలిపి 27, గుండుగుత్తగా 30 పెట్టుకోండి. పెన్ను వాడేవాళ్లు అదనంగా ఇంకో పెన్ను పెట్టుకోవాలి, ఒకటి పాడైతే సముద్రం మధ్యలో మీ రకం దొరకదు.

డాక్టరు దగ్గర ఒక ఉత్తరం తీసుకోండి. ఇంగ్లిషులో, లెటర్‌హెడ్ మీద, సంతకం, ముద్ర, తేదీతో ఉండాలి. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా రాయించండి. ఇంట్లో పిలిచే పేరు, ఇంటిపేరు ముందా వెనకా అనే తేడాలే ఎక్కువ ప్రశ్నలు తెస్తాయి. మందు బ్రాండు పేరుతో పాటు అసలు పేరు కూడా ఉండాలి. ఎందుకంటే ఇక్కడి బ్రాండు పేరు సింగపూరులోనో దుబాయిలోనో తెలియకపోవచ్చు. సూదులు వెంట ఉంచుకోవలసిన అవసరం ఉందని ఒక వాక్యం ఉండాలి. సూదులను మందులషాపు ఇచ్చిన అట్టపెట్టెలోనే ఉంచండి, విడిగా కవరులో పోయొద్దు.

తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వాడుతున్న పెన్ను మామూలుగా 30 డిగ్రీల లోపు ఉంటే నాలుగు వారాల దాకా నిలుస్తుంది, మీ మందు పెట్టెలోని కాగితంలో సరిగ్గా ఎన్ని రోజులో ఉంటుంది. అనంతపురం మే ఎండలో బస్టాండు దాకా వచ్చేలోపే 30 దాటుతుంది, కాబట్టి చల్లసంచి ఇంటి నుంచే కావాలి. ఐసుముక్క నేరుగా పెన్నుకు తగలకుండా మధ్యలో తువ్వాలు మడత పెట్టండి. ఓడ గదిలో చిన్న ఫ్రిజ్జు ఉన్నా అన్ని చోట్లా అది 8 డిగ్రీల లోపు చల్లబరచదు. ఎక్కిన రోజే రిసెప్షనులో మందుల కోసమని చెప్పి వేరే ఫ్రిజ్జు అడగండి.

వాడిన సూదులు వేయడానికి గట్టి డబ్బా కూడా అప్పుడే అడగండి, ఓడలోని వైద్యకేంద్రం ఇస్తుంది. అది చేతికొచ్చేదాకా మందమైన ప్లాస్టిక్ డబ్బా, మరమూత ఉన్నది, వెంట ఉంచుకోండి. నీళ్లసీసా పనికిరాదు, సూది దాన్ని చీల్చుకుని బయటికొస్తుంది. ముప్పావు నిండగానే మూసేయండి. వాడిన సూదికి మళ్లీ చిన్నమూత పెట్టబోయి వేలికి గుచ్చుకునేవాళ్లే ఎక్కువ, ఆ అలవాటు మానండి.

చుట్టడం, పెట్టెలో చోటు

పెద్ద పెట్టెలోకి పోయే కత్తెర, బ్లేడ్లు, సూదులు అన్నింటినీ ఒకే పారదర్శకమైన జిప్పు కవరులో పెట్టండి. కత్తెర మూసి, అలుగు పొడవుకు సరిపోయేట్టు చెప్పుల డబ్బా అట్టముక్క మడిచి, రెండు చుట్లు టేపు వేయండి. పెట్టె తెరిచి చేయి పెట్టే మనిషికి గుచ్చుకోకూడదు. మరీ ఎక్కువ చుట్టొద్దు. పది చుట్లు టేపు వేసి ఉండలా చేస్తే అధికారి విప్పడానికి మళ్లీ కోయాలి, విప్పినదాన్ని మీకు తిరిగి చుట్టి ఇవ్వరు.

ఆ కవరును బట్టల మీద, మూత తెరవగానే కనిపించేట్టు పెట్టండి. ఎక్స్‌రే తెర ఎలా పనిచేస్తుందో తెలిస్తే దీని విలువ అర్థమవుతుంది. బట్టలు, తిండి, కాగితం లాంటివి ఆ తెర మీద నారింజ రంగులో కనిపిస్తాయి. లోహం నీలంగా కనిపిస్తుంది. లోహం మందం పెరిగేకొద్దీ రంగు ముదిరి, కిరణాలు దాటలేని చోట నల్లటి మచ్చ అవుతుంది. ఇప్పుడు మన పెట్టె ఊహించుకోండి. స్టీలు టిఫిన్ క్యారియర్ నాలుగు గిన్నెలది, అందులో చెనిక్కాయ పొడి, నువ్వుల పొడి, సద్దిరొట్టెలు. గిన్నెల మధ్య ఖాళీ ఉందని ఎవరో గోళ్ల కత్తెర, రేజరు అందులో దూర్చారు. తెర మీద కనిపించేది ఒక నల్లటి స్తంభం, దాని అంచున కత్తెర మొన ఒక్కటి. ఆ పెట్టె తప్పకుండా పక్కకు తీస్తారు. క్యారియరు గిన్నె గిన్నె విప్పిస్తారు, పొడి ఒలుకుతుంది.

కాబట్టి స్టీలు డబ్బాలు వద్దు. పొడులు, బొరుగులు ప్లాస్టిక్ డబ్బాల్లోకో జిప్పు కవర్లలోకో మార్చండి. కత్తెర కవరు దగ్గర ఛార్జర్లు, తీగల చుట్టలు పెట్టొద్దు, తీగల మధ్య లోహపు మొన కనిపిస్తే అనుమానం పెరుగుతుంది. పవర్‌బ్యాంకు చేతిసంచిలోనే. ఇస్త్రీపెట్టె, నీళ్లు కాచే కెటిల్ పదునైనవి కాకపోయినా మంట భయంతో ఓడలు వాటినీ ఆపుతాయి. పొడుల మాట వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పాలి: దుబాయి వైపో సింగపూరు వైపో పోయే ఓడ అయితే గసగసాలు, గసగసాలు వేసిన మసాలాపొడి ఇంట్లోనే వదిలేయండి. అక్కడ అవి మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తాయి. చాకు విషయంలో జరిగే నష్టం చాకు పోవడమే, ఇందులో జైలు దాకా పోతుంది.

రేవు దగ్గర

కంపెనీ పంపిన లగేజీ ట్యాగులు ఇంట్లోనే ప్రింటు తీసి, గది నంబరు కనిపించేట్టు పెద్ద పెట్టె పిడికి కట్టండి. టెర్మినల్ బయట ఆ పెట్టె తీసుకుంటారు, మీరు చూస్తుండగా కాదు, తర్వాత లోపల ఎక్స్‌రే చేస్తారు. పాస్‌పోర్టు, మందులు, డబ్బు, ఒక జత బట్టలు అందులో ఉండకూడదు. చేతిసంచి మీ కళ్ల ముందే మిషనులో పోతుంది, మీరు లోహాన్ని పట్టే ద్వారం గుండా నడుస్తారు. ఇన్సులిన్ ఉందని అడగకముందే చెప్పి, ఉత్తరం చేతిలో పట్టుకోండి.

వరసలో నిలబడ్డాక ఏదైనా గుర్తొస్తే, దిగబెట్టడానికి వచ్చినవాళ్లు ఇంకా బయటే ఉంటే వాళ్లకిచ్చేయండి. అందుకే మిమ్మల్ని తెచ్చిన కారును వెంటనే పంపించేయకండి, పెద్ద పెట్టెలు అప్పజెప్పేదాకా ఉండమనండి. ఎవరూ లేకపోతే అధికారికి మీరే చెప్పి ఇవ్వండి. చెప్పి ఇచ్చినదానికీ, దాచింది దొరికినదానికీ వాళ్లు చూసే చూపులో తేడా ఉంటుంది.

రాత్రి భోజనం వేళకు అందరి పెట్టెలూ వచ్చి మీది రాకపోతే కంగారు పడొద్దు. గదికి ఫోనో చీటీయో వస్తుంది, లేదా మీరే రిసెప్షనులో అడగండి. భద్రతా సిబ్బంది గదికి పోయి, మీ తాళంతో మీరే పెట్టె తెరిచి చూపించాలి. తాళంచెవి దగ్గరుంచుకోండి, నంబరు తాళమైతే నంబరు తెలిసిన మనిషే పోవాలి. వస్తువును తీసి పెట్టుకుంటే రసీదు అడగండి, అది ప్రయాణం చివర్లో తిరిగి ఇస్తారా లేదా అన్నది అక్కడే తేల్చుకోండి. కొన్ని దాచి ఇస్తారు, ఆయుధం కిందికి వచ్చేవి తిరిగి రాకపోవచ్చు. రసీదును ఫోటో తీసుకోండి.

దారిలో రేవుల్లో కొన్నవి కూడా ఇదే గేటు దాటాలి. ఓడ దిగి తిరిగొచ్చిన ప్రతిసారీ సంచి మళ్లీ ఎక్స్‌రేకు పోతుంది. మస్కట్ బజారులో అలంకారానికి కొన్న వంపుకత్తి అద్దాలపెట్టెలో ఉన్నా కత్తే. ఓడవాళ్లు దాచి ఆఖరు రోజు ఇచ్చినా, తర్వాత విమానంలో పెద్ద పెట్టెలోనే రావాలి, మన కస్టమ్స్ దగ్గర చూపించాలి. కొనేముందు ఈ దారంతా ఆలోచించండి. గదిలోకి పండు కావాలంటే భోజనశాలలో కోసిన ముక్కలు అడిగితే ఇస్తారు, అక్కడి చాకు గదికి తెచ్చుకోకండి.

చివరి రాత్రి, తిరుగు విమానం

ఓడ దిగే ముందు రాత్రి పెద్ద పెట్టెలు సర్ది గది బయట పెట్టమంటారు. సిబ్బంది వాటిని రాత్రికి రాత్రే తీసుకుపోతారు, మీకు మళ్లీ రేవులోనే కనిపిస్తాయి. పొద్దున్నే గడ్డం గీసుకోవాలి, పిల్లలకు మందు పట్టీ కత్తిరించాలి కాబట్టి రేజరు, బ్లేడు, చిన్న కత్తెర బయటే ఉంచుకుంటారు. పొద్దున అవి చేతిసంచిలోకి పోతాయి. అదే చేతిసంచితో నేరుగా విమానాశ్రయానికి పోతే, పోయేటప్పుడు ఇంత జాగ్రత్తగా తెచ్చిన కత్తెర వచ్చేటప్పుడు విమానాశ్రయ భద్రత చూసే సీఐఎస్ఎఫ్ వాళ్ల బుట్టలో పడుతుంది. చివరి రోజుకు వాడి పారేసే రేజరు ఒకటి విడిగా పెట్టుకోండి, అసలు రేజరు, బ్లేడ్లు, కత్తెర జిప్పు కవరుతో సహా ముందురాత్రే పెద్ద పెట్టెలో వేసేయండి. వేయడం మరిచిపోతే, రేవులో పెట్టెలు చేతికి రాగానే, టాక్సీ ఎక్కకముందే ఒక పక్కకు నిలబడి పెట్టె మూత తెరిచి ఆ కవరు పైన పెట్టేయండి. విమానాశ్రయంలో పెట్టె బెల్టు మీద పోయాక ఇంకేం చేయలేరు.